దయ్యంగా తిరిగొచ్చే హక్కు ఎవరికి?

కృష్ణానగర్‌లో తెల్లవారక ముందే రోడ్డు మీద జనం చేరతారు. టీ కొట్ల దగ్గర, సందు మొదట్లో, భుజాన బ్యాగు వేసుకుని నిలబడేవాళ్లంతా సినిమా మనుషులే. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్లు, సెట్ పనివాళ్లు, మేకప్ అసిస్టెంట్లు, ఏదో ఒకరోజు కథ చెప్పే అవకాశం వస్తుందని గదులు అద్దెకు తీసుకున్న కుర్రాళ్లు. షూటింగ్ బండి వస్తే ఎక్కుతారు, రాకపోతే గదికి తిరిగిపోతారు. ఇక్కడి నుంచి కాస్త గుట్ట ఎక్కితే జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్. నిర్మాతల ఆఫీసులు, స్టూడియోలు, ఫిల్మ్ ఛాంబర్ అన్నీ అక్కడే. కథ పైన తయారవుతుంది. ఆ కథలో ఊరి జనంగా, మురికివాడగా, గుంపుగా కనబడే ముఖాలు కింద దొరుకుతాయి.

కొన్నేళ్లుగా ఆ గుట్ట మీద దయ్యాల కథలకు మంచి గిరాకీ ఉంది. 2021లో ఓటీటీలో 'మా ఊరి పొలిమేర', 2022లో 'మసూద', 2023లో 'విరూపాక్ష', 'మా ఊరి పొలిమేర 2', 'మంగళవారం' వరసగా వచ్చాయి. పెద్ద హీరో లేకపోయినా, తక్కువ ఖర్చుతో తీసినా జనం చూస్తారన్న నమ్మకం నిర్మాతలకు కుదిరింది.

సినిమాల్లో దళితుల ప్రాతినిధ్యం గురించి మాట్లాడేటప్పుడు మనం ప్రేమకథలు, పల్లె కథలు, రాజకీయ సినిమాలు తీసుకుంటాం. 1938 నాటి 'మాలపిల్ల' దగ్గర మొదలుపెట్టి 2020 నాటి 'పలాస 1978' దాకా వస్తాం. దయ్యాల సినిమాను మాత్రం సరదాకు చూసి వదిలేస్తాం. అలా వదిలేయకూడదని మేము చెప్పదలచుకున్నాం. ఎవరిని చూసి భయపడాలో ప్రేక్షకుడికి నేర్పేది ఆ సినిమాయే. భయం ఎవరి వైపు తిరిగితే వాళ్ల ప్రాణం మీదికి వస్తుందని మన ఊళ్లకు బాగా తెలుసు.

భయానికో దిక్కు

తెలుగు దయ్యాల సినిమా ఏదైనా గుర్తు చేసుకోండి. భయం ఎక్కడి నుంచి వస్తుంది? ఊరి పొలిమేర నుంచి, శ్మశానం నుంచి, అడవి గూడెం నుంచి, పాడుబడ్డ బంగళా నుంచి. దాన్ని మోసుకొచ్చేది ఎవరు? కాటికాపరి, మంత్రగాడు, ఒంటరి ముసలామె, జుట్టు విరబోసుకుని ఊగే ఆడమనిషి. నేపథ్యంలో డప్పు మోగుతుంది. విరుగుడు ఎక్కడి నుంచి వస్తుంది? గుడి నుంచి, తాళపత్రాల నుంచి, పూజారి నోటి నుంచి, లేదంటే పట్నం నుంచి వచ్చిన చదువుకున్న హీరో నుంచి.

ఈ దిక్కులు గాల్లోంచి పుట్టలేదు, మన ఊరి కట్టడిలోనే ఉన్నాయి. చావుతో ముడిపడిన పనులన్నీ ఊరు దళితుల మీద వేసింది. చావు కబురు మోయడం, గొయ్యి తవ్వడం, కట్టెలు పేర్చడం, చావు డప్పు కొట్టడం, చచ్చిన గొడ్డును లాగడం. వీటిలో చాలా భాగం వెట్టిగా చేయించుకున్నారు. ఆ పనులు చేసినందుకే మైల అంటగట్టి ఊరి బయట ఉంచారు. ఊరి బయట ఉన్నందుకు అటు వైపు రాత్రిపూట వెళ్లొద్దని పిల్లలను భయపెట్టారు. సినిమా ఆ భయాన్ని వారసత్వంగా తీసుకుంది. కెమెరా పొలిమేర దాటగానే సంగీతం మారుతుంది. ఆ పొలిమేర అవతల ఇళ్లుంటాయని, ఆ ఇళ్లలో పిల్లలు చదువుకుంటుంటారని, పొద్దున్నే కూలికి పోవాల్సిన మనుషులు నిద్రపోతుంటారని కెమెరాకు గుర్తుండదు.

శ్మశానం సంగతే చూడండి. సినిమాకు శ్మశానం అంటే పొగ, పుర్రెలు, నీలం లైట్లు. చాలా దళితవాడల్లో శ్మశానం అంటే దరఖాస్తు. మనిషి చనిపోతే పూడ్చడానికి జాగా లేక, ఉన్న జాగా ఆక్రమణకు గురై, దారిలో పొలాలవాళ్లు అడ్డుకుంటే శవాన్ని రోడ్డు మీద పెట్టి ధర్నా చేసిన సందర్భాలు మన పాఠకుల్లో చాలామందికి అనుభవమే. శ్మశానంలో దయ్యం ఉందా అని సినిమా అడుగుతుంది. అసలు శ్మశానం ఉందా అని మనవాళ్లు తహసీల్దారును అడుగుతున్నారు.

పూనకం సంగతీ అంతే. తెలుగు పల్లెల్లో గ్రామదేవతల కొలుపులు నడిపినవాళ్లు బైండ్లవాళ్లు, పంబలవాళ్లు, ఆసాదులు, మాతంగులు. వీళ్లలో ఎక్కువమంది దళిత కులాల వాళ్లు. నెల్లూరు ప్రాంతంలో పనిచేసిన అమెరికన్ మిషనరీ డబ్ల్యూ. టి. ఎల్మోర్ 1915లో ప్రచురించిన పుస్తకంలో మాతంగి గురించి రాశాడు. పూనకంలో ఉన్న మాతంగి అగ్రకులాలవాళ్లను నోటికొచ్చినట్టు తిడుతుంది, వాళ్ల మీద ఉమ్ముతుంది. మిగతా రోజుల్లో ఆమె నీడను కూడా తప్పుకునేవాళ్లు ఆ ఒక్కరోజు దాన్ని పావనంగా భావిస్తారు. ఇందులో దోపిడీ లేదని మేము అనడం లేదు. మాతంగి, జోగిని వ్యవస్థల్లో ఆడవాళ్లు ఎంత నలిగారో తెలుసు కాబట్టే 1988లో ఆంధ్రప్రదేశ్‌లో నిషేధ చట్టం వచ్చింది. అయినా పూనకంలో ఒక దళిత స్త్రీ ఊరికి ఎదురు నిలబడి మాట్లాడిన చరిత్ర కూడా ఉంది. సినిమా ఆ మాటను తీసేసి ఊగే ఒంటిని మాత్రం ఉంచుకుంది. పూనకం వచ్చిన మనిషిని వైద్యుడో పూజారో నయం చేయాల్సిన జబ్బుగా మార్చింది.

సీరియల్ నుంచి తెర దాకా

ఈ ధోరణికి ఆధునిక రూపం 1980లలో వచ్చింది. వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం', దాని కొనసాగింపు 'తులసి' చేతబడిని, బాణామతిని మధ్యతరగతి ఇంటి హాల్లోకి తెచ్చాయి. 'తులసి' ఆధారంగా 1986లో 'కాష్మోరా' వచ్చింది, 'తులసిదళం' కూడా సినిమాగా వచ్చింది. కథ చట్రం సులువైనది. పట్నంలో చదువుకున్న కుటుంబం, వాళ్ల చిన్న పాప. ఎక్కడో అడవి గూడెంలో కూర్చుని ఆ పాప మీద ప్రయోగం చేసే మంత్రగాళ్లు. డబ్బు కోసం ఆ పని చేయించేది పట్నం మనుషులే. కానీ పాఠకుడి కళ్ల ముందు నిలిచిపోయే రూపం మాత్రం అడవి మనిషిది. క్షుద్ర సాహిత్యం అంటూ ఆనాడే దీని మీద గట్టి విమర్శ వచ్చింది. అయితే ఆ విమర్శ ఎక్కువగా మూఢనమ్మకం చుట్టూ తిరిగింది. నమ్మకం ఎవరిది, ఆ నమ్మకంలో నిందితుడు ఎవరు అన్న ప్రశ్న వెనకబడిపోయింది.

ఇప్పుడు ఆ ప్రశ్నే మనకు ముఖ్యం. ఎందుకంటే ఆ నింద తెర మీదే ఆగిపోవడం లేదు.

'విరూపాక్ష'లో కాలిన ఇల్లు

2023 ఏప్రిల్‌లో వచ్చిన 'విరూపాక్ష'కు కార్తీక్ వర్మ దండు దర్శకుడు, సుకుమార్ స్క్రీన్‌ప్లే. కథ రుద్రవనం అనే ఊళ్లో జరుగుతుంది. 1979లో క్షుద్రపూజలు చేస్తున్నారన్న కారణంతో ఊరి జనం ఒక జంటను సజీవ దహనం చేస్తారు. పన్నెండేళ్ల తర్వాత, 1991లో, ఊళ్లో చావులు మొదలవుతాయి. ఊరిని అష్టదిగ్బంధనం చేస్తారు. చివరికి ఆ చావుల వెనక ఉన్నది ఆ జంట కూతురేనని తేలుతుంది.

సాంకేతికంగా మంచి సినిమా. మొదటి పది నిమిషాల్లో చూపించిన మూకహత్య తెలుగు తెర మీద అరుదుగా కనబడే నిజం. కానీ కథ ముందుకు పోయేకొద్దీ ఆ నిజం తలకిందులవుతుంది. క్షుద్రశక్తి ఉన్నదే, అది పనిచేసేదే, కూతురు దానితోనే చంపుతోంది అని తేలిన క్షణంలో, 1979లో ఊరు పడ్డ భయానికి ఆధారం దొరికిపోతుంది. చంపడం తప్పు కావచ్చు, అనుమానం మాత్రం తప్పు కాదు అన్న భావం ప్రేక్షకుడి లోపల మిగులుతుంది. మంత్రం నిజమయ్యే కథలో బాధితుడు పూర్తిగా నిర్దోషి కాలేడు. మంత్రాల మీద నడిచే కథలన్నింటిలో ఉన్న చిక్కు ఇదే.

థియేటర్ బయట ఏం జరుగుతోందో చూద్దాం. 2019 సెప్టెంబరులో హైదరాబాద్ శివారు శామీర్‌పేట మండలం అద్రాస్‌పల్లిలో, బాణామతి చేశాడన్న అనుమానంతో ఒక యువకుణ్ణి చంపి, ఒక మహిళ కాలుతున్న చితి మీదే వేశారు. కృష్ణానగర్ నుంచి అది గంట, గంటన్నర ప్రయాణం. 2022 జనవరిలో జగిత్యాలలో మంత్రాల నెపంతో తండ్రినీ ఇద్దరు కొడుకులనూ నరికి చంపారు. 2024లో మెదక్ జిల్లా రామాయంపేట మండలం కాట్రియాలలో ఒక మహిళను అదే అనుమానంతో తగలబెట్టారు. పళ్లు పీకడం, చెట్టుకు కట్టేసి కొట్టడం, ఊరి నుంచి తరిమేయడం లాంటివి చాలాసార్లు జిల్లా పేజీ దాటి రావు.

నింద పడేది ఎవరి మీద? భూమి తగాదా ఉన్న మనిషి మీద, మగతోడు లేని ఆడమనిషి మీద, నాటువైద్యం చేసే ముసలివాళ్ల మీద, ఊరికి ఎదురు మాట్లాడినవాళ్ల మీద. దళితులు, ఆదివాసీలు, వెనకబడిన కులాల పేదలు ఇందులో తేలిగ్గా దొరికిపోతారు. చంపినవాళ్లూ చనిపోయినవాళ్లూ ఒకే వాడవాళ్లు, ఒకే బంధువర్గం వాళ్లు అయిన కేసులూ ఉన్నాయి. ఈ నిజాన్ని మనం దాచకూడదు. పైనుంచి దిగిన భయం చివరికి మనవాళ్ల చేతుల్లోనే కత్తి అవుతుంది.

ఇక్కడ చట్టం సంగతి ఉద్యమకారులకు తెలిసి ఉండాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో సెక్షన్ 3(1)(జడ్‌బీ) ప్రకారం, మంత్రగత్తె అనో చేతబడి చేస్తున్నారనో ఆరోపించి ఎస్సీ, ఎస్టీ వ్యక్తికి శారీరక హాని గానీ మానసిక వేదన గానీ కలిగించడం నేరం. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష, జరిమానా ఉంటాయి. అంటే చెయ్యి చేసుకోకపోయినా, నింద వేసి వేధించినా కేసు పెట్టవచ్చు. కానీ నింద వేసినవాళ్లు కూడా ఎస్సీ, ఎస్టీలే అయితే ఈ చట్టం వర్తించదు. మామూలు క్రిమినల్ చట్టమే దిక్కు. బీహార్ 1999లోనే మంత్రగత్తె నిందకు వ్యతిరేకంగా ప్రత్యేక చట్టం చేసింది. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా, రాజస్థాన్, అస్సాం ఆ దారిలో నడిచాయి. నరేంద్ర దభోల్కర్ హత్య తర్వాత 2013లో మహారాష్ట్ర, 2017లో కర్ణాటక విస్తృతమైన మూఢాచార నిరోధక చట్టాలు చేశాయి. మన పొరుగు రాష్ట్రాల్లో చాలా వరకు కదిలాక కూడా తెలుగు రాష్ట్రాల్లో అలాంటి చట్టం కోసం జనవిజ్ఞాన, హేతువాద సంఘాలు అడుగుతూనే ఉన్నాయి.

గడి కథ, గడి మనుషుల కథే

భయం పైకులాల ఇంట్లోంచి వచ్చే సినిమాలు లేవా అంటే ఉన్నాయి. 2009లో కోడి రామకృష్ణ తీసిన 'అరుంధతి' అన్నింటికన్నా పెద్దది. గద్వాల సంస్థానం నేపథ్యం. పశుపతి బయటివాడు కాదు, ఆ కుటుంబం మనిషే. ఆడవాళ్ల మీద అతని అఘాయిత్యాలకు అండగా నిలిచింది ఆ ఇంటి హోదాయే. ఇంతవరకు సినిమా నిజం చెప్పింది. తెలంగాణలో గడి అంటే ఏమిటో వెట్టి చేసిన కులాలకు చెప్పనక్కర్లేదు. ఆ గోడల మధ్య భయం ఉందనడం కల్పన కాదు, చరిత్ర.

కానీ గడిలో పాపం చేసినవాడూ, గడిని కాపాడేదీ ఇద్దరూ ఆ ఇంటివాళ్లే. మిగతా ఊరంతా చేతులు జోడించి నిలబడే గుంపు. దొర చేతిలో నలిగిన మనిషికి ఆ కథలో పగ లేదు, పేరు లేదు. సహాయం చేసే ఫకీరు అన్వర్‌కు మాత్రం మంచి చోటు ఉంది.

ఇంకో మాట. అరుంధతి పేరును మాదిగలు తమ ఇంటి ఆడబిడ్డ పేరుగా చెప్పుకుంటారు. అరుంధతీయులు అన్న పేరు అలా వచ్చిందే. తెలుగు మాట్లాడే అరుంధతీయులు తమిళనాడులోనూ ఉన్నారు. ఆ పేరుతో వచ్చిన అంత పెద్ద సినిమాలో ఆ పేరును మోస్తున్న జనం ఎక్కడా లేరు. బనగానపల్లె దగ్గరి నవాబు బంగళాను ఇప్పుడు జనం అరుంధతి బంగళా అంటారు. సినిమా ఒక కట్టడానికి కొత్త పేరు పెట్టగలిగింది. అదే పేరున్న మనుషులను మాత్రం చూడలేదు.

'మసూద': కనబడటం ఒక్కటే చాలదు

ప్రాతినిధ్యం అంటే తెర మీద ముఖం కనబడటమే అనుకునేవాళ్లకు 'మసూద' మంచి పాఠం. సాయికిరణ్ దర్శకత్వంలో 2022 నవంబరులో వచ్చిన ఈ సినిమాలో ముస్లిం పాత్రలు చాలా ఉన్నాయి. భర్త నుంచి విడిపోయి కూతుర్ని పెంచుకుంటున్న టీచరు నీలం పాత్ర తెలుగులో అరుదైనది. సంగీత ఆ పాత్రను చాలా బాగా చేశారు. కూతురు నాజియా మీద ఒక దుష్టశక్తి ఆవహిస్తుంది. ఆ శక్తి పేరు మసూద. దాన్ని వదిలించడానికి సాయం చేసేవాళ్లలో పీర్‌బాబా ఉన్నాడు, అల్లాఉద్దీన్ ఉన్నాడు.

ఒక చెడ్డ ముస్లిం, ఇద్దరు మంచి ముస్లింలు కాబట్టి లెక్క సరిపోయిందని కొందరన్నారు. మేము అలా అనుకోవడం లేదు. పీర్‌బాబా మంచితనం ప్రేక్షకుడి మెదడుకు గుర్తుంటుంది. నల్ల బురఖాలో వచ్చే ఆకారం ఒంటికి గుర్తుంటుంది. హారర్ పనిచేసేది ఒంటి మీదే. రోజూ బస్సులో, కాలేజీలో బురఖా వేసుకుని వచ్చే అమ్మాయిలున్న నగరంలో, ఆ గుడ్డనే భయానికి గుర్తుగా వాడటం చిన్న విషయం కాదు. పీర్‌బాబాగా శుభలేఖ సుధాకర్, అల్లాఉద్దీన్‌గా సత్యం రాజేష్ నటించారు. నటులు బాగానే చేశారు, తప్పు వాళ్లది కాదు. దేశంలోనే పెద్ద ముస్లిం జనాభా ఉన్న నగరాల్లో ఒకటైన హైదరాబాదులో తయారయ్యే సినిమాలో ముస్లిం పాత్రకు ముస్లిం నటుణ్ణి వెతకాలన్న ఆలోచన ఎందుకు రాదన్నదే మా ప్రశ్న.

బాకీ అడిగే దయ్యం

ఇంతవరకు చదివాక దయ్యాల సినిమాలే వద్దంటున్నామని అనుకోవద్దు. మా ఉద్దేశం అందుకు పూర్తిగా భిన్నం. దయ్యం కథలో గొప్ప బలం ఉంది. దయ్యం అంటే తేలని న్యాయం. కోర్టు వదిలేసిన హంతకుణ్ణి, ఊరు మరిచిపోయిన హత్యను గుర్తు పెట్టుకుని బాకీ అడగడానికి వచ్చే మనిషి. ఆ బలాన్ని ఎవరికి ఇస్తున్నామన్నదే అసలు విషయం.

తమిళంలో తీసి తెలుగులోనూ ఆడిన రాఘవ లారెన్స్ సినిమాలు ఈ విషయంలో గమనించదగినవి. 2007 నాటి 'ముని'లో దయ్యం, రాజకీయ నాయకుణ్ణి నమ్మి మోసపోయి హత్యకు గురైన బస్తీ మనిషి. 2011 నాటి 'కాంచన'లో దయ్యం ఒక ట్రాన్స్ మహిళ. ఆసుపత్రి కట్టాలని కొన్న స్థలాన్ని ఎమ్మెల్యే కాజేసి ఆమెను చంపిస్తాడు, ఆమెతోపాటు ఆశ్రయమిచ్చిన ముస్లిం కుటుంబాన్నీ చంపుతారు. ఆ సినిమాల్లో వెకిలి కామెడీ ఉంది, ట్రాన్స్ మనుషులను చూసి జడుసుకునే సీన్లు ఉన్నాయి, కాంచన పాత్ర చేసింది శరత్‌కుమార్. ఈ లోపాలన్నీ ఉన్నా, కథ మధ్యలో ఒక మలుపు ఉంది. అంతవరకు భయపడ్డ ప్రేక్షకుడు అక్కడి నుంచి దయ్యం పక్షాన నిలబడి చంపమని కేకలు వేస్తాడు. భూమి కోసం చనిపోయినవాళ్లకు థియేటర్ అంతా ఓటేస్తుంది.

2024లో తెలుగులోకి కూడా వచ్చిన మలయాళ సినిమా 'భ్రమయుగం' ఇంకా ముందుకు వెళ్లింది. పదిహేడో శతాబ్దంలో బానిసత్వం నుంచి పారిపోయిన తేవన్ అనే పాణ కులపు గాయకుడు, కొడుమన్ పోట్టి అనే బ్రాహ్మణుడి పాడుబడ్డ ఇంట్లో చిక్కుకుంటాడు. ఇక్కడ భయం పొలిమేర నుంచి రాదు, ఆ ఇంటి పీట మీద కూర్చుని ఉంటుంది. అన్నం పెట్టే చెయ్యే బందీని చేస్తుంది. చేతబడి ముసలామె అవసరం లేకుండానే హారర్ తీయవచ్చని, కులం తానే కావలసినంత భయంకరమని ఆ సినిమా చూపించింది.

అమెరికా నల్లజాతి సినిమాకు ఈ దారి పాతదే. 1968లో వచ్చిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'లో డుయేన్ జోన్స్ చేసిన నల్లజాతి హీరో రాత్రంతా శవాల మధ్య పోరాడి బతుకుతాడు. తెల్లారాక తుపాకులు పట్టుకుని వచ్చిన తెల్లవాళ్ల గుంపు అతన్ని కాల్చేస్తుంది. 2017లో వచ్చిన 'గెట్ అవుట్'కు జోర్డాన్ పీల్ ఉత్తమ ఒరిజినల్ స్క్రీన్‌ప్లే ఆస్కార్ అందుకున్నాడు. మర్యాదగా మాట్లాడే తెల్ల కుటుంబం ఇల్లే అందులో దయ్యాల కొంప. 2025లో ర్యాన్ కూగ్లర్ తీసిన 'సిన్నర్స్' 1932 నాటి మిసిసిపీలో, జాతి విభజన చట్టాల నీడలో నడుస్తుంది. ఈ ఇద్దరు దర్శకులూ హారర్‌ను వదిలేయలేదు, కెమెరా దిక్కు మార్చారు.

మన నేల మీద తేలని బాకీలు తక్కువా? 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని నరికి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ఊరి మధ్యలోనే వాళ్లను సమాధి చేసి ఆ చోటును రక్తక్షేత్రం అన్నారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. 'విరూపాక్ష' కథ నడిచేది కూడా 1991లోనే. ఆ ఏడాది ఒక తెలుగు ఊళ్లో నిజంగా జరిగిన భయంకరమైన సంగతి ఏమిటో ఆ కథకు తెలియదు. రుద్రవనంలో కథ నడిపే పాత్రల్లో వెలివాడ మనిషి ఒక్కరూ లేరు. మన అమరుల పేర్లను దయ్యాల కథలకు వాడుకోమని చెప్పడం లేదు. తేలని హత్య గుర్తుకు రావాలంటే తెలుగు సినిమాకు రాణి, జమీందారు, బంగళా తప్ప ఇంకేమీ ఎందుకు గుర్తుకు రావో ఆలోచించమంటున్నాం.

మేకప్ కింది మనిషి

మళ్లీ కృష్ణానగర్‌కు వద్దాం. జవాబులో సగం ఇక్కడే ఉంది. పెళ్లి సీనుకు, పార్టీ సీనుకు రంగు తేలిన ముఖాలను ఏరుకుంటారు. మురికివాడకు, శ్మశానానికి, దయ్యం పట్టిన ఊరికి నల్లటి, ఎండిపోయిన ముఖాలను ఏరుకుంటారు. మేకప్ వేయకుండానే భయపెట్టే ముఖం అని నవ్వుతూ అనే మాట ఇక్కడి సందుల్లో చాలామంది విన్నదే. తాళ్లకు కట్టి గాల్లోకి ఎగరేసే దయ్యం ఒళ్లు చాలాసార్లు డూపుది. పోస్టర్ మీద ఆ మనిషి ఉండదు.

2025 ఆగస్టులో 30 శాతం కూలి పెంపు కోరుతూ తెలుగు సినీ కార్మికులు 18 రోజులు షూటింగులు ఆపారు. ప్రభుత్వం కలగజేసుకున్నాక, రోజుకు 2,000 రూపాయల లోపు కూలి ఉన్నవాళ్లకు మూడేళ్లలో విడతలుగా 22.5 శాతం పెంచడానికి ఒప్పందం కుదిరింది. ప్రాతినిధ్యం చర్చ ఈ కూలి చర్చకు దూరంగా ఉండటానికి వీల్లేదు. రెండు నెలలు పని లేకపోతే గది ఖాళీ చేయాల్సిన మనిషి కథ రాసుకునేంత కాలం ఈ నగరంలో నిలవలేడు. తల్లిదండ్రుల ఆస్తి మీద పదేళ్లు ఆగగలిగినవాడే దర్శకుడు అవుతాడు. కథలు ఒకే రకం ఇళ్ల నుంచి ఎందుకు వస్తున్నాయంటే, ఆగగలిగినవాళ్లు ఆ ఇళ్లలోనే ఉన్నారు. కాబట్టి ప్రతిభ ఎక్కడుందని వెతికే ముందు అద్దె ఎవరు కట్టగలుగుతున్నారో చూడాలి.

సినిమా చూసేటప్పుడు నాలుగు ప్రశ్నలు

కాలేజీ ఫిల్మ్ క్లబ్బుల్లో, హాస్టల్ గదుల్లో, సంఘాల అధ్యయన తరగతుల్లో వాడుకోవడానికి నాలుగు ప్రశ్నలు ఇస్తున్నాం. ఏ దయ్యాల సినిమాకైనా ఇవి పనికొస్తాయి.

ఒకటి: భయం ఏ దిక్కు నుంచి వస్తోంది? వాడ నుంచా, గూడెం నుంచా, గడి నుంచా, ఊరి నడిబొడ్డు నుంచా?

రెండు: మొదట చనిపోయేది ఎవరు? పనిమనిషి, వాచ్‌మన్, జీతగాడు చనిపోతే వాళ్ల కోసం తెర మీద ఎవరైనా ఏడుస్తున్నారా?

మూడు: దయ్యంగా తిరిగొచ్చే హక్కు ఎవరికి ఉంది? ఎవరి హత్యకు ఫ్లాష్‌బ్యాక్ ఉంది, ఎవరి హత్యకు లేదు?

నాలుగు: దయ్యాన్ని వదిలించేది ఎవరు, ఏ జ్ఞానంతో? వదిలించాక ఊరు మారిందా, పాత ఊరే క్షేమంగా మిగిలిందా?

నాలుగో ప్రశ్నే ముఖ్యమని మా అభిప్రాయం. చాలా సినిమాలు ఊరు క్షేమంగా ఉందని చూపించి ముగుస్తాయి. గుడి గంట మోగుతుంది, పొలాలు పచ్చగా కనబడతాయి. జంటను తగలబెట్టినవాళ్లు కూడా ఆ పచ్చటి ఊళ్లోనే ఉంటారు. వాళ్ల మీద కేసు పెట్టినట్టు ఏ సినిమా చూపించదు.

సెన్సార్ కత్తెర వేయాలని మేము అడగడం లేదు. కత్తెర మొదట తెగేది మనవాళ్ల సినిమా మీదే అన్న అనుభవం ఉంది. మూఢనమ్మకాలను ప్రోత్సహించే ఉద్దేశం లేదని మొదట్లో ఒక అట్ట చూపించి చేతులు దులుపుకోవడం మాత్రం చాలదు. చేతబడి చుట్టూ తిరిగే సినిమా తీసినవాళ్లు, చేతబడి నింద నేరమని, ఏ చట్టం కింద నేరమో, ఎవరికి ఫిర్యాదు చేయాలో ఆ అట్ట మీదే చెప్పవచ్చు. ఖర్చు లేని పని. ఈ చిన్న కోరికతో ఫిల్మ్ ఛాంబర్‌కు, నిర్మాతలకు విద్యార్థి సంఘాలు ఉత్తరాలు రాయవచ్చు. ప్రత్యేక చట్టం కోసం రెండు ప్రభుత్వాలనూ అడగడం పెద్ద కోరిక. రెండూ కలిసి నడవాలి.

ఇక కథల మాట. పొలిమేర అవతల పుట్టినవాళ్లకు దయ్యాల కథలు కొత్త కాదు. రాత్రిపూట ఊళ్లోంచి నడిచి రావడానికి భయపడ్డ తాతలు, దొర ఇంటి వెనక బావి పేరు చెబితే మాట మార్చే అమ్మమ్మలు, ఎవరు చంపారో ఊరందరికీ తెలిసినా ఎఫ్ఐఆర్‌లోకి ఎక్కని చావులు ప్రతి వాడలోనూ ఉన్నాయి. ఆ భయాలన్నీ ఊరి వైపు నుంచి వచ్చినవే. వాటిని విన్న పిల్లలు ఇప్పుడు కృష్ణానగర్ గదుల్లో స్క్రిప్టులు రాస్తున్నారు. వాళ్లు గుట్ట ఎక్కిన రోజున కెమెరా వాడలో నిలబడి ఊరి వైపు చూస్తుంది. ఎవరికి ఎవరు భయమో ప్రేక్షకుడికి అప్పుడు సరిగ్గా తెలుస్తుంది.